ఒకే జవాబు రాసిన సెక్షన్

ఆగస్టు 4, సోమవారం

ఫెలోషిప్ నాకే వచ్చింది. ఎందుకొచ్చిందో మాత్రం అర్థం కావట్లేదు.

అప్లై చేసినవాళ్ళలో నాకంటే సీనియర్లున్నారు, నాకంటే నోరున్నవాళ్ళున్నారు. డీన్ నన్ను గదికి పిలిపించి, కాఫీ ఇప్పించి మరీ చెప్పారు. ఏ బ్రాంచి పిల్లలైనా తప్పనిసరిగా చదవాల్సిన జనరల్ కోర్సులున్నాయి కదా, పర్యావరణం, నీతిశాస్త్రం లాంటివి. వాటివల్ల పిల్లలకి నిజంగా ఏమైనా అబ్బుతోందా లేదా చూసి రిపోర్టివ్వాలట. బదులుగా ఈ సెమిస్టర్ నాకు క్లాసులు సగమే. చూసింది చూసినట్టు రాయమ్మా, ఎవరి మొహమూ చూడొద్దు అన్నారు. కాఫీ అయ్యాక మళ్ళీ అదే మాట అన్నారు. ఒక్కసారి అనుంటే నమ్మేదాన్ని.

మా ఆయన ఇన్సూరెన్స్ సర్వేయరు. గుద్దుకున్న కార్లు చూసి చూసి మనుషుల్ని కూడా అలాగే చూస్తాడు. ఎవరూ ఊరికే పని తగ్గించరు, ఎవర్నో సాగనంపడానికి నీ చేత సంతకం పెట్టిస్తున్నారు అన్నాడు. అప్పుడు నవ్వేశాను. రాస్తుంటే నవ్వు రావట్లేదు.

ఆగస్టు 7

స్టాఫ్ రూంలోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. కెమిస్ట్రీ ఆవిడ నన్ను మేడమ్ అంది. ఇన్నేళ్ళూ ఏమేవ్ అని పిలిచిన మనిషి.

ఆగస్టు 21, గురువారం

నీతిశాస్త్రానికి పరీక్ష పెట్టాం. మూడు సెక్షన్లు, ముగ్గురు టీచర్లు, పేపరు ఒకటే. ప్రశ్నలు నేనే తయారుచేశాను, నేనే ప్రింట్ తీశాను, బీరువా తాళం నా దగ్గరే.

కారిడార్లో మాస్టారు ఎదురయ్యారు. కాలేజీలో నాకు పాఠం చెప్పినాయన, ఇప్పుడు ఆ మూడు సెక్షన్లలో ఒకటి ఆయనదే. ఈ ఉద్యోగానికి నన్ను తోసింది కూడా ఆయనే. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. పేపరు కష్టంగా ఇచ్చావా అని అడిగారు. మామూలుగానే అడిగారు. ఎందుకడిగారా అని సాయంత్రం దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ ఫెలోషిప్ నన్ను పాడుచేస్తోంది.

ఆగస్టు 26, మధ్యాహ్నం

మాస్టారి సెక్షన్ పేపర్లు దిద్దుతున్నాను. ఏదో తేడాగా ఉంది.

మొదటి ప్రశ్నలో, ఇచ్చిన మాట తప్పడం ఎప్పుడైనా సరైనదవుతుందా, సొంత ఉదాహరణతో రాయమన్నాను. సొంత అని కింద గీత కూడా గీశాను. అందరూ నిచ్చెన గురించే రాశారు. పక్కింటాయన దగ్గర నిచ్చెన తెచ్చాం, సాయంత్రానికి ఇచ్చేస్తామన్నాం, సాయంత్రమైంది, మన డాబా మీద ఒక మనిషి ఇంకా పనిచేస్తున్నాడు. నిచ్చెన తీసేద్దామా, మాట తప్పుదామా? ఎంత బాగా రాశారో! మిగతా సెక్షన్లలో ఈ స్థాయి లేదు. కానీ తర్వాతి ప్రశ్నలు చూస్తే, రెండు ముక్కలు ఏదో గిలికి వదిలేశారు.

పేపరు బయటికి పోయిందా? నా దగ్గర్నుంచే పోయిందా? మొదటి ప్రశ్న మాత్రమే ఎలా పోతుంది?

మా ఆయనకి చెప్పాను. టీచరే చెప్పుంటాడు, రిటైరయ్యే ముందు మంచి పేరు కోసం అన్నాడు. నీతి చెప్పే మనిషి! నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీదు.

సెప్టెంబరు 2, మంగళవారం

మాస్టారి క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. వస్తున్నట్టు ముందు చెప్పలేదు, కావాలనే. నన్ను చూసి సంతోషపడ్డారు.

నిచ్చెన కథ చెప్పారు. ఓహో, అది పాఠంలోదే అనిపించడానికి పరీక్షయ్యాక సర్దుకుంటున్నారన్నమాట అనుకున్నాను. అయినా చెప్పడంలో ఆయన్ని కొట్టేవాళ్ళు లేరు. మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, పైనున్నవాడు మా బావమరిదైతే నిచ్చెన ఎప్పుడో ఇచ్చేసేవాణ్ణి అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సెప్టెంబరు 4, గురువారం

ఈ రోజూ వెళ్ళాను.

నిచ్చెన. పక్కింటాయన. సాయంత్రం. అక్కడే కళ్ళజోడు తీశారు. బావమరిది. క్లాసంతా నవ్వింది.

ఒక్కడు కూడా పక్కవాడి మొహం చూడలేదు.

క్లాసయ్యాక మెట్ల దగ్గర ఒకమ్మాయి నన్ను ఆపింది. మొదటి బెంచీ అమ్మాయి. రిపోర్టులో రాయకండి మేడమ్ అంది. సెమిస్టర్ మొదట్నుంచీ ఇదే పాఠమట. ఒకసారి ఎవరో లేచి, సార్ ఇది అయిపోయింది అన్నారట. ఆయన బోర్డు వైపు తిరిగి, చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారట. ఆ తర్వాత ఎవరూ అనలేదు. ఆయన వెళ్ళాక ఆ గదిలోనే కూర్చుని మిగతా పాఠాలు తలా ఒకటి చదివి చెప్పుకుంటున్నారట. మాకు సరిగ్గా రావట్లేదు మేడమ్, అందుకే పరీక్ష అలా రాశాం అంది.

పేపరు లీకైందనుకున్నాను నేను. సిగ్గేసింది.

సెప్టెంబరు 5

డీన్‌కి ఇదంతా ముందే తెలుసు. తెలిసే నన్ను ఎంచుకున్నారు. శిష్యురాలి చేత్తో రాయిస్తే ఎవరూ నోరెత్తరని. ఇంకేముంటుంది?

సెప్టెంబరు 7, ఆదివారం

మాస్టారింటికి వెళ్ళాను. ఆయన భార్యని పిన్నిగారూ అంటాను. ఆవిడ టీ ఇచ్చి, ఎన్నడూ లేనిది, మా దగ్గర కూర్చోకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఎలా మొదలుపెట్టాలో తెలీక పిల్లల జవాబులు బాగున్నాయన్నాను. అబద్ధాలు ఎప్పట్నుంచి చెబుతున్నావమ్మా అన్నారు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. డీన్‌కి నీ పేరు చెప్పింది నేనే అన్నారు. కారణం మాత్రం డీన్‌కి చెప్పలేదట. కొన్నాళ్ళుగా మాస్టారికే తన మీద అనుమానంగా ఉందట. పిల్లలు మరీ సరైన చోట నవ్వుతున్నారు, నీతిశాస్త్రం క్లాసులో అలా ఎవరు నవ్వుతారమ్మా అన్నారు. వాళ్ళని అడిగితే జాలిపడతారు, మీ పిన్నిని అడిగితే ఏడుస్తుంది, నువ్వైతే మార్కులేస్తావనుకున్నాను అన్నారు.

కోపమొచ్చింది. ఈ పని నా నెత్తిన పెట్టడానికి మీకు మనసెలా ఒప్పిందని అరిచాను. మాస్టారి మీద గొంతెత్తడం ఇదే మొదలు. తప్పే, క్షమించు అన్నారు. లోపల్నుంచి పిన్నిగారు ముక్కు చీదుకోవడం వినిపించింది.

సెప్టెంబరు 19, శుక్రవారం

రిపోర్టు ఇచ్చాను. మాస్టారు ముందురోజే సెలవు పెట్టి, మతిమరుపు జబ్బని రాసిన డాక్టరు కాగితాలు ఆయనే డీన్‌కి ఇచ్చారు. ఆ సెక్షన్‌కి ఏం అబ్బలేదని రాశాను. వాళ్ళంతట వాళ్ళు ఏం చేశారో కూడా రాశాను. ఆ పేరా తీసేయమ్మా, కొలవలేనిది రిపోర్టులో ఎందుకు అన్నారు డీన్. ఎవరి మొహమూ చూడొద్దన్నారు కదా సార్ అన్నాను. పేరా ఉంది. అసలు కోర్సే ఎత్తేస్తారని స్టాఫ్ రూంలో అనుకుంటున్నారు. ఎత్తేయొచ్చు కూడా. ఈ సెమిస్టర్ దాకా ఆ క్లాసు నాకిచ్చారు. డీన్ కావాలనే ఇచ్చారంటాడు మా ఆయన.

అక్టోబరు 9

కృతజ్ఞత పాఠం చెబుతున్నాను. మాస్టారు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. కాసేపటికి చెయ్యెత్తారు. నన్ను మేడమ్ అన్నారు. తనకి మేలు చేసినవాళ్ళు ఎవరో గుర్తులేనివాడు ఎవరికి దణ్ణం పెట్టాలి అని అడిగారు.

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.