ఫోనుకు బొట్టు

శుక్రవారం, రేగొండ

అంగన్‌వాడీ పిల్లల హాజరు ఎక్కించే యాప్ పొద్దున ఓపెన్ కాలే. ఫోను అప్‌డేట్ చేయమంటది. భూపాలపల్లి సర్వీస్ సెంటర్‌కు పోయిన. కౌంటర్ల ఉన్నామె, ఈ మోడల్‌కు కంపెనీ ఇగ అప్‌డేట్లు ఇయ్యదన్నది. ఫోను తిప్పి చూసి, "అక్కా, ఛార్జింగ్ పెట్టేకాడ పసుపేంది?" అన్నది. దసరాకు కత్తిపీటతోపాటు దీనికి గూడ పూజ చేసిన అని చెప్పిన. నవ్వకుంట బ్రష్‌తోని తీసింది.

కంపెనీని తిట్టుకుంటనే ఇంటికొచ్చిన. "ఇంకో కంపెనీది కొనుక్కోరాదు" అన్నడు మా ఆయన. నాకు కోపమొచ్చింది. ఐదేండ్లు నాతోని తిరిగిన ఫోను. తిడితే నేను తిట్టాలె, ఆయనకేంది?

రేపు హాజరు ఎట్లనో తెల్వది. కొత్తది కొన్నా గీ కంపెనీదే కొంట. వచ్చే దసరాకు పాతదానికి, కొత్తదానికి రెండిటికీ బొట్టు పెడుత, ఛార్జింగ్ బొక్కకు జర దూరంగ.