విజయవాడలో నువ్వెవరికీ తెలియవు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఆరేళ్ళు. మీ ఆయన్ని చేసుకుని నేను ఈ కైకలూరు వచ్చి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ చేపల మార్కెట్లో నన్ను "రెండో ఆవిడ" అనే అంటారు.

ఆయనకు ఆటోనగర్‌లో మంచి పని దొరికింది. విజయవాడ వెళ్ళిపోదామని నేనే పట్టుబట్టాను. అక్కడ నువ్వెవరికీ తెలియవు. నాకు కావలసింది అదే.

పొద్దున నీ ఫొటోకి దండ వేస్తూ నీ కూతురు అడిగింది.

"అక్కడ మా అమ్మ ఎవరికీ తెలీదు కదా పిన్నీ?"

భోజనాల దగ్గర ఆయనతో, "ఆ పని వద్దులెండి, ఇక్కడే ఉందామండీ" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. నీ మీద నా కుళ్ళు తగ్గిందనుకోకు అక్కా. ఆ ముఖం చూశాక ఇంకాస్త పెరిగింది.