పసుపు పోసిన రేడియేటర్

శేషారత్నానికి,
నేను క్షేమం, దెబ్బలేమీ తగలలేదు. రెండుసార్లు ఫోను చేసినా ఈ మాట నోట రాలేదు, అందుకే కార్డు రాస్తున్నాను. మన లారీ ఇక నడవదు.

మంగళవారం మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకు పోతుంటే చిలకలూరిపేట దాటాక ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. బస్తాలను వేరే బండికి ఎక్కించి పంపాను. నెల రోజులుగా రేడియేటర్ కారినప్పుడల్లా, అందరు డ్రైవర్లలాగే, గుప్పెడు పసుపు పోసి ఆపుతూ వచ్చాను. అది లోపల గట్టిపడి నీళ్ల దారి మూసేసింది. మెకానిక్ జానీ విప్పి చూసి, "ఏంటి బాబాయ్, ఇందులో పప్పుచారు కాచావా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. తర్వాత అతనే మెల్లగా, "ఇంజను బ్లాకే పగిలింది. ఇరవై రెండేళ్ల బండి, ఇంజను మార్చినా మిగతాది నిలవదు. తుక్కుకి ఇచ్చెయ్" అన్నాడు. నిజమే. ఈ ఏడాది క్లచ్ ప్లేటు మూడుసార్లు, కమాను కట్టలు రెండుసార్లు మార్చినట్టు నా పుస్తకంలోనే ఉంది.

గేదెకు తవుడు అయిపోతే మీ అన్నయ్యను అడుగు. కల్లంలో కాయల మీద పట్టా కప్పు. బండి నీ పేరున ఉంది కనుక నీ సంతకం కావాలి. సి బుక్కు తీసుకుని ఆదివారం పొద్దుటి బస్సుకు చిలకలూరిపేటలో జానీ షెడ్డుకు రా. నువ్వు వచ్చేదాకా బండిని కోయవద్దని తుక్కువాళ్లకు చెప్పాను. చీమకుర్తిలో టిప్పర్ తోలడానికి మనిషి కావాలట, వెళ్తాను. ఈ వయసులో ఇంకొకరి బండి.

అమ్మకు నమస్కారాలు చెప్పు, సంగతి చెప్పకు. అమ్మాయి జ్యోతిర్మయికి నా ఆశీస్సులు. ఇక్కడికి వచ్చాక మాత్రం ఏడవకు. నిన్ను చూస్తే నేనూ ఆపుకోలేను.

అంకమ్మరావు