లెటీ చెప్పని ఆఖరి మాట

1927 జనవరి 17, సోమవారం

లెటీ పోయి పదకొండు రోజులు. ఈ నోటుబుక్కు దానిదే, సగం ఖాళీగా ఉంది. నాది నాలుగో తరగతి చదువు. తప్పులుంటే ఉంటాయి, ఎవరు చూడొచ్చారు.

న్యుమోనియా అన్నాడు డాక్టరు. నా కూతురు పద్నాలుగేళ్ళు నాటకాల కంపెనీతో రైళ్ళలో తిరిగింది. పనిమనిషి వేషాలు, పక్కింటావిడ వేషాలు, వెచ్చదనం లేని మేకప్పు గదులు. ముప్పయ్యో ఏట న్యూయార్కులో మొదటి పెద్ద వేషం వచ్చింది. రెండు వారాలు రిహార్సలు చేసి మంచం పట్టింది.

జనవరి 18

ఇది రాసి తీరాలి. వంటింట్లో లెటీ మాటలు అప్పజెప్పింది నాకే. నాటకంలో తల్లి మాటలు నేను చదివేదాన్ని, కూతురి మాటలు అది చెప్పేది. ఆఖరున తల్లి అడుగుతుంది, "చలెయ్యట్లేదా నీకు?" అని. కూతురు జవాబు చెప్పగానే తెర పడుతుంది.

ఆ జవాబు మాత్రం లెటీ చెప్పేది కాదు. రిహార్సల్లో ఆఖరి మాట పైకి అంటే నాటకం దెబ్బతింటుందని స్టేజీవాళ్ళ పట్టింపు. జనం ముందే అనాలి. నా కంట పడకుండా పుస్తకంలో దాని మీద కాగితం అంటించేసింది. అడిగితే, "మొదటి రోజు వచ్చి విను అమ్మా, ఊరికే చెప్పేస్తారా" అని నవ్వేది.

జనవరి 19

కాగితం కింద గోరు పెట్టాను. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

ఆఖరి రోజు పొద్దున లెటీ చలేస్తోందమ్మా అంది. మూడు దుప్పట్లు కప్పాను. అయినా అదే మాట.

ఆ జవాబు స్టేజీ మీదే వింటాను.

జనవరి 21

ఈ నాటకానికి బట్టలు కుట్టేదీ తొడిగేదీ నేనే. డైరెక్టరు ప్రూయిట్ గారు నన్ను ఇంటికెళ్ళి పడుకోమన్నారు. ఆ కుట్లు విప్పడం ఇంకెవరికి తెలుసండీ అన్నాను.

లెటీ వేషం ఐరిస్ అనే పిల్లకిచ్చారు. మాటల్లేని సినిమాల్లోంచి వచ్చింది. నడుం లెటీ కంటే రెండంగుళాలు సన్నం. విప్పి మళ్ళీ కుట్టాను.

జనవరి 22

ఏడవలేదు. ఇంకా మూడు గౌన్లున్నాయి.

జనవరి 28

ఆఖరి రిహార్సలు. తల్లి వేషం వేసే మిసెస్ టాలీ, చలెయ్యట్లేదా నీకు అంది. ఐరిస్ జవాబు చెప్పబోయింది. ఆ పిల్లకి పట్టింపు సంగతి ఎవరూ చెప్పలేదు, ఇన్నాళ్ళూ రిహార్సలు అక్కడిదాకా రానే లేదు. తెర పక్కన నా చేతిలో గుండీల రేకు డబ్బా ఉంది. నేలకేసి కొట్టాను. గుండీలన్నీ స్టేజీ మీదికి దొర్లాయి.

ఎవరది అని అరిచారు ప్రూయిట్ గారు. నేనే అన్నాను. బయటికి నడవమన్నారు. కదల్లేదు. మిసెస్ టాలీ ఐరిస్ చెవిలో సంగతేదో చెప్పింది. ఐరిస్ మోకాళ్ళ మీద కూచుని గుండీలు ఏరడం మొదలుపెట్టింది. "ఆవిడ వెళ్ళిపోతే నా వీపు మీద హుక్కులు మీరు పెడతారా సార్?" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

తర్వాత గదిలో ఐరిస్ మెల్లగా అడిగింది, ఆ మాట లెటీ ఎలా అనేదండీ అని. నాకూ తెలీదమ్మా అన్నాను.

జనవరి 31

హాలు నిండింది. తెర పక్కన నిలబడి, మిసెస్ టాలీతో పాటు నేనూ లోలోపల అడిగాను.

"లేదమ్మా. ఇప్పుడేం చలి లేదు."