మూరెడు లోతు పాతిన ఐరిస్‌లు

నాగర్‌కర్నూల్,
అక్టోబరు 12

వనజ నాయినకు జములమ్మ వందనాలు. తల్లి, పిల్లగాడు బాగున్నరు.

మనుమడు అచ్చం నీ పోలికే. ఆకలైతే వాడకట్టంత వినేటట్టు ప్రసంగం చేస్తుండు. బిడ్డ పురుడు నలభై దినాలు నేను ఈడనే ఉంట. నువ్వేమో అదే నలభై దినాలు ఉపవాస ప్రార్థన అని ఫోను బియ్యం డ్రమ్ముల పెట్టి మూత పెట్టినవ్. అందుకే పెండ్లయినంక మొదటిసారి నీకు ఉత్తరం రాయవట్టిన.

ఒక్క పని అప్పజెప్తున్న. పెరట్ల ఉన్న నా ఐరిస్ దుబ్బు తియ్యి. వనపర్తి మిషన్ దవాఖానల ఆయాగ చేసేటప్పుడు మా అమ్మ కొంగుల కట్టుకొచ్చిన మొక్క. ఆమె గుర్తు నాకు అదొక్కటే మిగిలింది. రెండేండ్లసంది పూస్తలేదు, గడ్డలు ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. తవ్వి, విడదీసి, నడుమ ఎండిన ముసలిగడ్డ పారెయ్యి. ఆకులు జానెడు ఉంచి కత్తిరించు. రెండు దినాలు నీడకు ఆరబెట్టి మల్ల నాటు. జర మనసు పెట్టి సదువు: వేర్లు మన్నుల ఉండాలె, గడ్డ వీపు ఎండకు కనబడాలె. బర్రె మడుగుల పండుకున్నట్టు. నీళ్లు తక్కువ పొయ్యి.

ఇట్లు,
జములమ్మ

తా.క.: ఉపవాసం ఫోనుకేనా? ఎంకమ్మ ఇంటికాడ బిర్యాని తిన్నవట. ఈడి దాక వాసన వచ్చింది.

మానవపాడు,
అక్టోబరు 17

ప్రభువు నాకిచ్చిన సాటియైన సహాయం జములమ్మకు, సేవకుడు నాగప్ప శుభములు చెప్పి రాయునది.

నీ ఆజ్ఞ నెరవేరింది. పార పట్టి దుబ్బును పెకలించాను. ఎనిమిది మంచి గడ్డలు తేలాయి. తొమ్మిదోది బొటనవేలంత ఉంది, అదీ వంకర; పొల్లు అని గోడవైపు విసిరేశాను. ఆకులు కత్తిరించాను. ఆ ఆకులు కత్తులే, రెండంచులవే. వాక్యం గుర్తొచ్చి కత్తిరిస్తూనే అరగంట ప్రసంగించాను. గోడ అవతల అజీజ్ తన మిర్చి నారుకు నీళ్లు పెట్టడం ఆపి మరీ విన్నాడు.

అయితే ‘వీపు పైకి’ అన్నావు చూడు, అక్కడ నా ఆత్మ ఒప్పుకోలేదు. జములమ్మా, పాతిపెట్టడం అంటే పాతిపెట్టడమే. సగం పాతడం ఏ అధ్యాయంలో ఉంది? గోధుమగింజ మట్టిలో పడి చావకుండా ఫలించిందా? యోర్దానులో మోకాళ్ల దాకా దిగి ‘చాలు’ అని ఎవరైనా గట్టెక్కారా? నెత్తిమీద నాలుగు చుక్కలు చిలకరించి అయిపోయిందనే సంఘాలతో ముప్పై ఏళ్లుగా పోరాడుతున్నవాణ్ణి. అట్లాంటి నేను నా పెరట్లోనే సగం పాతితే, ఆదివారం ఏ ముఖంతో మందిరంలో నిలబడాలి? అందుకే మూరెడు లోతు తవ్వి, ఎనిమిదింటినీ నిండా కప్పాను. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు పోస్తున్నాను. మూడో దినం కోసం ఎదురుచూస్తున్నాను.

విశ్వాసమందు నీ
నాగప్ప

తా.క.: ‘గట్ల పాతొద్దు నాగప్పన్నా’ అన్నాడు అజీజ్. ‘ఏం, మీరు మట్టి నిండా కప్పరా?’ అని గద్దించాను. ‘కప్పుతం అన్నా. గని సచ్చినంక కప్పుతం’ అన్నాడు.

నాగర్‌కర్నూల్,
అక్టోబరు 22

వనజ నాయినా, ముందు పార చేతికి తీసుకో, తర్వాత ఈ ఉత్తరం సదువు.

వాటిని బయటికి తియ్యి. గాలి ఆడక, తడికి కుళ్లిపోతయి. అది గోధుమగింజ కాదు, పసుపుకొమ్ము కాదు. నీళ్లు బందు పెట్టు.

ఇంకొక మాట. మన వియ్యంకుడు చంద్రశేఖర్ వాళ్ల సంఘంల పసిపిల్లలకు నీళ్లు చల్లుతరని నీకు ఎరుకే. వనజ పెండ్లప్పుడు దాని మీదనే రెండు గంటలు కొట్లాడితివి, అన్నాలు చల్లగయినయి. నవంబరు 16 ఆదివారం పిల్లగానికి ఆ కార్యం పెట్టినరు. ‘మా నాయిన ఎత్తుకోవాలె’ అని వనజ ఒకటే మాట. చిన్నగ వచ్చి, చిన్నగ ఎత్తుకొని, చిన్నగ పో.

నీ రాక కోసం చూసే
జములమ్మ

తా.క.: ‘అన్నయ్య వస్తే మైకు బందు పెట్టాలెనా వదినా?’ అని వియ్యపురాలు పద్మజ అడుగుతుంది. బందు పెట్టినా ఫరక్ పడదని చెప్పిన.

మానవపాడు,
అక్టోబరు 27

జములమ్మకు, మెలకువగా ఉన్న నాగప్ప రాయునది.

ఇప్పుడు నా కళ్లు తెరుచుకున్నాయి! మొదటి ఉత్తరంలో గడ్డ వీపు పైకి అన్నావు. రెండో ఉత్తరంలో పిల్లవాడికి చిలకరింపు అన్నావు. ఇది మొక్కల సంగతి కానే కాదు. నాచేత ముందు సగం పాతించి, అది బతికాక ‘చూసినవా బావా, సగం చాలు’ అని నా నోరు మూయించాలని చంద్రశేఖర్ నీకు నేర్పిన మాట. ఏదెనులో సర్పం కూడా ఇంత చుట్టు తిరిగి రాలేదు.

గడ్డలు తీయను. ఆ కార్యానికి రాను.

నిన్న ఆదివారం ఇదే చెప్పాను. ‘సగం తవ్వి వదిలేసినవాడా, నీకు శ్రమ!’ అని గర్జించాను. వెనక వరసలో కురుమూర్తి లేచి నిలబడి, ‘అన్నా, సిమెంటు రాలే, వచ్చే వారం పూర్తి చేస్త’ అన్నాడు. అతని మరుగుదొడ్డి గుంత సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మందిరమంతా నవ్వింది, ఎంకమ్మ అయితే బయటికి పోయి నవ్వొచ్చింది.

మూడో దినం ఏమీ లేవలేదు. పదో దినం ఒకచోట మట్టి కదిపితే వాసన వచ్చింది. సంతోషించాను. లాజరు సమాధి దగ్గర కూడా ముందు వాసన మాటే వచ్చింది, ఆ తర్వాతే గదా అతడు లేచాడు! నీళ్లు పూటకు మూడు బిందెలకు పెంచాను.

నిరీక్షణతో,
నాగప్ప

తా.క.: మనుమడి ఫొటో చూశాను. ఫోను నేను ముట్టలేదు. అజీజ్ పట్టుకున్నాడు, నేను చూశాను. ‘మల్లొకసారి చూపు’ అని ఆరుసార్లు అన్నాను. అది ఉపవాసభంగం కాదు.

నాగర్‌కర్నూల్,
అక్టోబరు 31

బోధకుడు నాగప్పగారికి (వనజ నాయిన అని రాయనీకి చెయ్యి వస్తలేదు),

వాసన వచ్చిందంటే కుళ్లినట్టు. లాజరును పిలిచినాయన వేరు, నువ్వు వేరు. నువ్వు పిలిస్తే మన కుక్క గూడ రాదు.

వియ్యంకుడు నేర్పిండా నాకు? ఆయనకు ఐరిస్‌కు, ఉల్లిగడ్డకు ఫరక్ తెల్వదు. మా అమ్మకు దవాఖాన నర్సమ్మ చెప్పింది, నాకు మా అమ్మ చెప్పింది. అమ్మ పోయి తొమ్మిదేండ్లు. ఆ ఊదా పువ్వు విచ్చుకుంటే ‘వచ్చినవా అమ్మా’ అనుకుంటుంటి. నువ్వు ఆమెను రెండోసారి పాతిపెట్టినవ్.

ఎన్ని మిగిలినయో తవ్వి చూసి రాయి. ఒక్కటన్న లేకుంటే నలభై దినాలు కాదు, నేను ఈడనే ఉంట. నీ అన్నం నువ్వే వండుకో, నీ వాక్యం నువ్వే విను.

జములమ్మ

తా.క.: బియ్యం ఆ డ్రమ్ములనే ఉన్నయి గదా. ఫోను ముట్టకుండ ఎట్ల తీస్తున్నవ్?

మానవపాడు,
నవంబరు 5

జములమ్మకు, నాగప్ప.

తవ్వాను. ఎనిమిదీ పోయాయి. ఎక్కువ ఉడికిన చామగడ్డల్లాగా వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి. ఇంతకంటే రాయలేను.

పార అక్కడే పడేసి గోడకు ఆనుకొని కూర్చున్నాను. అప్పుడు కాలి దగ్గర కనబడింది, పొల్లని విసిరేసిన తొమ్మిదోది. ఎవరూ పాతలేదు. ఎవరూ నీళ్లు పోయలేదు. కంకర మట్టిలోకి నాలుగు వేర్లు దింపి, వీపు ఎండకు పెట్టి, నువ్వు చెప్పిన బర్రెలాగే పండుకొని ఉంది. రెండు కొత్త ఆకులు. కట్టేవాళ్లు వద్దని పారేసిన రాయి సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ పారేసినవాళ్లలో నేనుంటానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

గోడ మీదుగా అజీజ్ తల పెట్టాడు. ‘ఒక్క మాట అనకు’ అన్నాను. ‘నేనేమంట అన్నా, సలాం చెప్తున్న’ అన్నాడు. ‘ఎవరికి?’ అంటే, ‘గా మొక్కకు’ అన్నాడు.

మొక్క విషయంలో ఓడిపోయాను, క్షమించు. కానీ మొక్కకొక న్యాయం, మనిషికొక న్యాయం. ఇన్నేళ్లు గొంతెత్తి చెప్పిన మాటను నలుగురి ముందు మింగలేను. పిల్లవాడిని ఎత్తుకోవాలని నా చేతులు గుంజుతున్నాయి. అయినా రాను.

నీ
నాగప్ప

తా.క.: ఫోనును గరిటెతో పక్కకు జరిపి బియ్యం తీస్తున్నాను.

నాగర్‌కర్నూల్,
నవంబరు 10

వనజ నాయినకు,

ఒక్కటి బతికింది గదా, చాలు. దాన్ని నువ్వు మాత్రం ముట్టకు.

కోపం పోయింది. ముప్పై ఒక్క ఏండ్లు దాచిన మాట చెప్తున్న, కూసోని సదువు.

‘ముంచుడు బాప్తిస్మం తీసుకుంటెనే పెండ్లి’ అన్నవ్. నేను చిన్నప్పుడు నీళ్లు చల్లించుకున్నదాన్ని, అయినా సరే అన్న. కృష్ణల నడుములోతు నీళ్లల్ల నిలవెట్టినరు. ఒక పక్క పెద్దయ్యగారు, ఒక పక్క నువ్వు. కూసుండి తల ముంచాలె. నీళ్లు భుజాల దాక రాంగనే పానం పోయినట్టయి దిగ్గున లేసిన. నా కొప్పు తడవలే. పెద్దయ్యగారికి సూపు ఆనకపాయె. ఎవ్వరు చూడలే. గట్టుమీదోళ్లు పాట అందుకున్నరు, నేను నోరు మూసుకొని నిన్ను చేసుకున్న.

సగం మునిగినదాన్నే. ఇన్నేండ్లు నీ ఇంట్ల పూయలేదా?

ఇప్పుడు మల్ల ముంచుతవో, బయటికి తోలుతవో నీ ఇష్టం. ఆదివారం పది గంటలకు నీ మనుమడు నీ కోసం చూస్తడు.

నీ
జములమ్మ

తా.క.: మల్ల ముంచేటట్టయితే వేడినీళ్లు పెట్టు. చలికాలం.

పెబ్బేరు బస్టాండు,
నవంబరు 15

జములమ్మకు, నీ మొగడు నాగప్ప.

వనపర్తి బస్సు కోసం కూర్చొని రాస్తున్నాను. దీన్ని పోస్టులో వేయను, వచ్చి నీ చేతికే ఇస్తాను. ఇంత నోరున్నవాడికి ఈ ఒక్కటి నోటితో చెప్పడం రాదు.

ఎవ్వరూ చూడలేదు అని రాశావు. నేను చూశాను.

నీ కుడి జబ్బ పట్టుకున్నది నేనే. నువ్వు చలిజ్వరం వచ్చినట్టు వణికావు. లేచినప్పుడు కొంగు జారింది. కొప్పు పొడిగా ఉంది. పువ్వులు పెట్టుకోవద్దని పెద్దయ్యగారు ముందే చెప్పినా, కొంగు కింద మీ అమ్మ తురిమిన ఊదా ఐరిస్ ఉంది. దానికీ చుక్క అంటలేదు. పెద్దయ్యగారు నా దిక్కు తిరిగి, ‘మునిగిందారా నాగప్పా?’ అని అడిగారు.

‘మునిగింది’ అన్నాను.

మళ్లీ ముంచితే భయపడి నువ్వు పెండ్లే వద్దంటావని నా భయం. ఆ అబద్ధం కప్పిపెట్టడానికే ఇన్నేళ్లు ఇంత గొంతు చించుకున్నానేమో. నేను లోతుగా పాతినవన్నీ కుళ్లాయి జములమ్మా. అదొక్కటే కుళ్లలేదు.

తొమ్మిదో గడ్డ పెయింటు డబ్బాలో నా ఒడిలో ఉంది, వీపు పైకి. నా దగ్గరుంచితే దానికి మంచిది కాదని తెస్తున్నాను. నువ్వు ముట్టవద్దన్నావు. నేను ముట్టలేదు. అజీజ్ తీశాడు, నేను చూశాను.

బస్సు వచ్చింది.

నాగప్ప

తా.క.: రేపు పిల్లగాని నెత్తిమీద నీళ్లు చల్లేటప్పుడు కండ్లు మూసుకొని నిలవడ్త. ఎవరన్న ‘మునిగిండా నాగప్పా?’ అని అడిగితే, నాకు అలవాటున్న జవాబే చెప్త.