మందిరం పక్క స్థలం

ప్రియమైన మీకు,

ఫోనులో చెబితే మధ్యలోనే నవ్వేస్తారని ఉత్తరం రాస్తున్నాను. వార్డు ఎన్నికల్లో నిలబడుతున్నాను. నిలబడడం కాదు, నిలబెట్టారు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారూ, సంఘపెద్దలూ నన్ను ఆపారు. సంఘం ఓట్లన్నీ ఒక్కరికే పడితే గెలుపు ఖాయమట. నా కళ్ళజోళ్ళ షాపుకి రానివాళ్ళు లేరు, ఎవరితోనూ తగవు లేదు, కాబట్టి నేనే తగినదాన్నట. "ఇది ప్రభువు పిలుపనుకో అమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు. రిటైరైనా సంఘంలో ఆయన మాటే బెత్తం కదా.

విశ్వాసం వేరు, రాజకీయం వేరు అనేవారు మా నాన్న. కానీ వీధిలో మురుగు పొంగుతుంటే పరలోకం వైపు చూస్తూ కూర్చోమని ఏ వచనమూ చెప్పలేదు. ఆ ధైర్యంతోనే సరేనన్నాను.

బరిలో మరో ఇద్దరున్నారు, కాంట్రాక్టరూ, మందుల షాపాయనా. మందుల షాపాయన గురించి "మనవాడు కాదు" అన్నారు పెద్దలు. పాపకి జ్వరం వచ్చినరోజు మూసిన షట్టరు ఎత్తించి మందు తీసుకున్నప్పుడు ఆయన ఎవరివాడో మనం అడగలేదు. అది మాత్రం నేను పైకి అనలేదు.

ఏమంటారు?

నవ్వకుండా చదివారని నమ్ముతూ,
మీ ఇల్లాలు


కౌన్సిలరమ్మకి,

క్రేను కేబిన్లో కూర్చుని చదివాను. నవ్వలేదు, ఒట్టు. కింద ఓడ సరుకు కోసం ఎదురుచూస్తుంటే నేను మాత్రం నీ గెలుపు ఊరేగింపులో ఉన్నాను.

ఒక్కమాట. ఊరికే ఎవరూ ఎవరినీ భుజాలమీద మోయరు. గెలిచాక నీతో ఏం చేయించుకోవాలనుకుంటున్నారో ముందే అడుగు. ప్రార్థన చెయ్యి, ప్రశ్న కూడా వెయ్యి. రెండూ నోటితో చేసే పనులే.

పోలింగు రోజుకి సెలవు అడిగాను. పాపకి ముద్దులు.

మీ ఇద్దరివాడు


ప్రియమైన మీకు,

మీ అనుమానమే నిజమైంది. మందిరం పక్కన మునిసిపాలిటీ ఖాళీ స్థలం ఉంది కదా, అది సంఘానికి హాలు కట్టుకోవడానికి ఇప్పించాలట. అక్కడ ప్రసూతి ఆసుపత్రి కావాలని మందుల షాపాయన అంటున్నాడు.

హాలు నాకూ ఇష్టమే. పిల్లల బైబిలు తరగతి మెట్లమీద చెప్పేది నేనే కదా. వారమంతా ప్రార్థన చేశాను. మోకాళ్ళమీంచి లేచిన ప్రతిసారీ నాకు నచ్చని జవాబే వచ్చింది. మధ్యలో ఒకరోజు నిండు నెలల మనిషి అద్దాలకని షాపుకొచ్చి, కుర్చీలో కూలబడింది. ఆసుపత్రికి రెండు బస్సులు మారి వెళ్ళి వస్తోందట. చెప్పులు కాళ్ళకి పట్టక చేతిలో పట్టుకుంది.

సంఘం మీటింగులో లేచి, ఆ స్థలంలో ఆసుపత్రే రావాలని చెప్పాను. మందిరమంతా గుసగుసలు.

"మరి నిన్ను నిలబెట్టింది దేనికి?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"వీధి బాగుకోసం అనుకున్నానండీ."

"అయితే ఇక నీ దారి నీది."

ఇప్పుడు సంఘం కాంట్రాక్టరుని బలపరుస్తోంది. హాలు కట్టిస్తానని మాటిచ్చాడు. విరమించుకుందామంటే గడువు దాటిపోయింది, నా పేరు బ్యాలెట్టు మీద అలాగే ఉంటుంది. షాపు పలచబడింది. మందిరంలో నా బెంచీ కూడా. అయినా వెళ్తున్నాను. ఆ బెంచీ మీద నేను కూర్చునేది వాళ్ళకోసం కాదు.

ధైర్యంగానే ఉన్నానని చెప్పుకుంటూ,
మీ ఇల్లాలు


బంగారూ,

నిన్న వచ్చి, ఓటేసి, పాపని భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగి, నీ చేతి అన్నం తిని బస్సెక్కాను. చెప్పాల్సిన మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. నీ ఎదురుగా చెప్పే దమ్ము లేక రాస్తున్నాను.

నేను నీకు ఓటు వెయ్యలేదు. మందుల షాపాయనకి వేశాను.

నీమీద నమ్మకం లేక కాదు. నువ్వు కోరిన ఆసుపత్రి రావాలంటే ఆయన గెలవాలి. నీకు వేస్తే ఓట్లు చీలి కాంట్రాక్టరు గెలిచిపోతాడు. బూత్‌లో నీ పేరు చూసి కాసేపు నిలబడిపోయాను. "త్వరగా కానివ్వండి" అని కేక వేశారు కూడా.

తిట్టాలనుకుంటే ఉత్తరంలో తిట్టు. ఫోనులో అయితే కేబిన్ కింద అందరికీ వినబడుతుంది.

తలవంచుకుని,
నీవాడు


ప్రియమైన మీకు,

మందుల షాపాయన గెలిచాడు, బొటాబొటీగా. కౌన్సిల్ మొదటి సమావేశంలోనే ఆసుపత్రి మాట ఎత్తుతానన్నాడు. నాకు పదకొండు ఓట్లు వచ్చాయి. వాటిలో మీది లేదని తెలిసి ఏడుస్తాననుకున్నారా? నాదీ లేదు. నేనూ ఆయనకే వేశాను. మీకు చెబితే చిన్నబుచ్చుకుంటారని అన్నం వడ్డిస్తూ నోరు మూసుకున్నాను. ఒకే కంచం ముందు ఇద్దరం ఒకే దొంగతనం దాచుకున్నాం.

అసలు సంగతి వేరే ఉంది. ఇవాళ షాపుకి హెడ్మాస్టరుగారు వచ్చారు, ఆ మీటింగు తరవాత మొదటిసారి. కళ్ళజోడు కాడ ఊడింది. బల్లమీద పెట్టి, నా మొహం చూడకుండా అన్నారు:

"నీ పదకొండులో ఒకటి నాది."

నేను జోడు అందుకున్నాను.

"హాలే కావాలని ఇప్పటికీ అంటాను. కానీ లోపలికి వెళ్ళాక ఆ కాంట్రాక్టరు గుర్తు మీదకి చెయ్యి పోలేదు."

"కోపం తగ్గిందా అండీ?"

"లేదు. జోడు ఎప్పుడిస్తావు?"

రేపు ఇస్తానన్నాను. అద్దాలు కూడా మార్చాలి. బ్యాలెట్టు మీద నా పేరు ఎలా గుర్తుపట్టారో గానీ, ఆ పాత నంబరు అద్దాలతో గుమ్మం కూడా సరిగ్గా కనబడదు. వెళ్తూ తట్టుకోబోతే చెయ్యిపట్టి మెట్లు దింపాను.

ఈసారి సెలవుకి రెండురోజులు ఉండేలా రండి.

మీలాగే చేసిన
మీ ఇల్లాలు