జ్వరం తగ్గేదాకా జావా వద్దు

రోషన్,

క్లాసుకు వెళ్లకు. నీకు జ్వరమని అమీర్‌పేటలో మీ కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పాను. నువ్వు పాఠం చెప్పకపోయినా జావా నాలుగు రోజులు బతుకుతుంది. జూన్‌లో కొన్న ఇన్‌హేలర్ సీలు ఇవాళే నేను తీశాను. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు పీల్చు. నిన్న స్వైన్ ఫ్లూ వార్త కోసం పంజాగుట్ట డాక్టర్‌ను కలిసి, నీ సంగతీ అడిగాను.

"ఉబ్బసం ఉన్నోళ్లకు ఫ్లూ వస్తే ఊపిరి జల్ది బిగుసుకుంటది మేడమ్. మంచిగున్నప్పుడు సుత మందు బంద్ చెయ్యొద్దు," అన్నాడు.

క్లాసులో నువ్వు చెప్పే జోకు ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతే నాకోసం ఆగకు, ఆటోలో ఆస్పత్రికి వెళ్లు. దానికి నవ్వు రాకపోవడం మాత్రం జబ్బు లక్షణం కాదు.

లీల

తా.క. మందు రోజూ వాడుతున్నాడా అని నిన్న డాక్టర్ అడిగితే అవునన్నాను, వాడుతున్నానని నువ్వు చెప్పావు కాబట్టి. పద్దెనిమిదేళ్ల విలేకరి ఉద్యోగంలో సరిచూడకుండా నేను చెప్పిన మాట అదొక్కటే.